రెండో బ్యాటరీ, మా బావ గురక

మా వ్యాను సంతకి వచ్చిందని ఎవరికీ చెప్పక్కర్లేదు, మా బావ గురకే ఆ పని చేసేది. కొండ కింది సంతకైతే మరీను. ముందురోజు సాయంత్రానికే మైదానం చేరుకుని, మా చోటులో బండి నిలిపి, ఇంత తిని వెనక తలుపు వేసుకుని పడుకునేవాళ్ళం. తెల్లారి పక్కన ఎండుచేపల బుట్టలు దించుకునే ఆడవాళ్ళు మా బండి వైపు చూసి నవ్వుకునేవారు. "బట్టలోలు వచ్చీసినారే, ఇనపడతన్నాదా?" అనేది అందులో పెద్దావిడ. నేను కళ్ళు నులుముకుంటూ దిగితే, నోట్లో అడ్డపొగ చుట్ట తియ్యకుండానే, "ఏటమ్మా, రేతిరంతా రైల్లో ఎల్లినావేటి?" అని అడిగేది. నేనూ నవ్వేదాన్ని. అది నవ్వే సంగతి కాదని అప్పటికి నాకు తెలీదు.

బావ అంటే మా ఆయనే. మా మేనత్త కొడుకు. పెళ్ళికి ముందు బావా అని పిలిచేదాన్ని. పెళ్ళయ్యాక 'ఏమండీ' అనమని మా అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది గానీ నాకు నోరు తిరగలేదు. మాది గజపతినగరం. బట్టల వ్యాపారం, కానీ కొట్టు లేదు. కొట్టంతా వ్యానులోనే ఉంటుంది. లుంగీలు, తువ్వాళ్ళు, లంగాలు, నైటీలు, జాకెట్టు ముక్కలు, చలికాలం వస్తే దుప్పట్లు. ఒకరోజు రాయగడ రోడ్డు మీద సంత, ఇంకోరోజు పాలకొండ వైపు, ఇంకోరోజు కొండ కింద. సంతలో చోటుకి పట్టా ఉండదు. ముందురోజు సాయంత్రం ఎవరి బండి అక్కడ నిలబడితే చోటు వాళ్ళది. ఏళ్ళ తరబడి మనం కూర్చున్న చోటే అయినా సరే, ఒక్క వారం అక్కడ పడుకోకపోతే పొద్దున్నకి ఇంకెవరిదో పరదా కట్టి ఉంటుంది. అడిగితే "మీరు రారనుకున్నాం" అంటారు. ఇక ఆ చోటు మీద ఆశ వదులుకోవడమే. అందుకని సంతల వాళ్ళందరం బళ్ళలోనే పడుకుంటాం.

మా బండి మూసిన బాడీది. డ్రైవరు సీటు వెనక మూటల పైన వడ్రంగి చేత చెక్క మంచం కొట్టించుకున్నాం. పక్కన రేకు కోయించి దోమల జాలీ వేయించాం. ఇద్దరం పడుకుంటే ఒకరు ఒత్తిగిల్లాలంటే రెండోవాళ్ళకి చెప్పి ఒత్తిగిల్లాలి. కొత్త బట్ట గంజి వాసనలో పడుకోవడం నాకు ఇంట్లో పరుపు మీదకన్నా హాయిగా ఉండేది. ఇంట్లో పడుకుంటే పొద్దున్న లేచి ఏం చెయ్యాలో తోచదు. సంతలో లేస్తే పని ఎదురుగా ఉంటుంది.

ఒక మధ్యాహ్నం పార్వతీపురం వైపు నుంచి వస్తున్నాం. పట్టపగలు, రోడ్డు ఖాళీ. నేను బావ పక్కన కూర్చుని అమ్ముడుపోని జాకెట్టు ముక్కలు రంగుల వారీగా మడత పెట్టుకుంటున్నాను. బండి మెల్లగా ఎడమకి ఒరుగుతోంటే ఎదురుగా ఏదో వస్తోంది కాబోలు అనుకున్నాను. ఎదురుగా ఏమీ లేదు. తలతిప్పి చూశాను. బావ చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. కానీ ఆ కళ్ళలో మా బావ లేడు. నేను కేక పెట్టేలోపే బండి గట్టు దిగి చెరకు తోటలోకి దూసుకుపోయింది. చెరకు గడలు ఫెళఫెళ విరుగుతూ బండిని ఆపాయి. ఎవరికీ ఏమీ కాలేదు. అదే గట్టు ఇంకొంచెం ముందైతే కల్వర్టు.

రైతు వచ్చాడు, నాలుగు తిట్టాడు, తర్వాత తనే ట్రాక్టరు తెచ్చి లాగాడు. "బ్రేకు పట్టలేదు" అని బావ అందరికీ చెప్పాడు. ఇంటికొచ్చాక కూడా అదే చెప్పాడు. నేను కాదనలేదు గానీ, మర్నాడు పొద్దున్నే బయలుదేరదీసి విజయనగరంలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఒంటినిండా తీగలు అంటించి ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టి పరీక్ష చేశారు. నిద్రలో ఇతనికి గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోతోంది, ఆగిన ప్రతిసారీ ఒళ్ళు ఉలిక్కిపడి మళ్ళీ మొదలుపెడుతోంది, రాత్రంతా పడుకున్నా ఇతను నిద్రపోయినట్టు కాదు అన్నాడు డాక్టరు. ముక్కుకి మాస్కు తగిలించుకుంటే గాలి ఒత్తిడితో పంపే మిషను ఒకటి ఉంటుంది, రోజూ రాత్రి అది పెట్టుకునే పడుకోవాలి, అది లేకుండా పడుకుని తెల్లారి బండి నడిపితే మళ్ళీ చెరకు తోటే దొరుకుతుందని నమ్మకం లేదు అన్నాడు. నేనిన్నాళ్ళూ జోకులకి నవ్విన గురక, ఊపిరి కోసం మా బావ పెనుగులాడుతున్న చప్పుడన్నమాట.

మిషను కొన్నాం. గాలి మిషను అని పేరు పెట్టుకున్నాం. ఇంట్లో బాగానే ఉంది, గోడకి ప్లగ్గుంది. వ్యానులో ప్లగ్గేది?

మా మరిదికి విజయనగరంలో కొట్టుంది. కబురు తెలిసి వచ్చి, కుర్చీలో కూర్చుని తీర్పు చెప్పేశాడు. "వదినా, బండి అమ్మీ. అన్నయ్య నా కొట్లో కూకుంతాడు. ఫ్యాను కింద కూకుని బిల్లులు సూసుకుంతాడు. ఈ వయసులో సంతలేటి?" మంచికే చెప్పాడు, నాకు తెలుసు. కానీ నేను మా బావ మొహం చూశాను. చెరకు తోటలో పోని రంగు ఆ మాటకి పోయింది. అతను సంతలో మాట్లాడే మనిషి. ముసలమ్మలకి కోడళ్ళ కబుర్లు చెప్పి దుప్పట్లు అమ్మే మనిషి. తమ్ముడి కొట్లో కుర్చీలో కూర్చోబెడితే ఊపిరి మిషను అవసరం పగలు కూడా పడుతుంది. "బండి అమ్మడం కాదు, బండిలోకి కరెంటు తెస్తాం" అన్నాను. "ఎలాగేటి?" అన్నాడు మరిది. ఎలాగో నాకూ తెలీదు. "అది నా ఏడుపు, నువ్వు టీ తాగు" అన్నాను.

మొదట తోచిన దారి సుళువుగానే కనపడింది. బండికి బ్యాటరీ ఉంది కదా, దానికే చిన్న ఇన్వర్టరు తగిలించాం. పాలకొండ వైపు సంతలో రాత్రంతా మిషను చక్కగా నడిచింది, గురక లేదు. పొద్దున్న సంత అయ్యాక బావ తాళం తిప్పితే ఇంజను ఒకసారి మూలిగి ఊరుకుంది. బ్యాటరీలో ఉన్నదంతా మిషను తాగేసింది. లుంగీలోళ్ళూ ఉల్లిపాయలోళ్ళూ అందరూ వచ్చి తొయ్యాల్సొచ్చింది. "మీ ఆయన గురక తగ్గినాదన్నావు, ఇప్పుడు బండి గురకెడతన్నాదేటి?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడే అనుకున్నాను, రెండో బ్యాటరీ ఉండాల్సిందే అని.

విజయనగరంలో బ్యాటరీల కొట్టుకి వెళ్ళాం. నేను అడుగుతాను, కొట్టాయన మా బావకి జవాబు చెప్తాడు. నేను మళ్ళీ అడుగుతాను, మళ్ళీ మా బావకే చెప్తాడు. బావ నాకేసి చూస్తాడు. చివరికి బావని పక్కనున్న స్టూలు మీదికి జరిపి ఆయన ఎదురుగా నేను కూర్చున్నాను. ఇంటి ఇన్వర్టరుకి పెట్టే నీళ్ళు పోసే పెద్ద బ్యాటరీ చూపించాడు. "తలుపేసుకుని దాని పక్కనే పడుకుంటాం, దాని ఆవిరి ఎటు పోతుంది?" అన్నాను. మా ఇంట్లో మెట్ల కింద అలాంటిదే ఉంది. వేసవిలో దాని ఘాటుకి అటు వెళ్ళలేం, దాంట్లో నీళ్ళు పోస్తూ బావ ఒక మంచి లుంగీకి చిల్లులు పడేసుకున్నాడు కూడా. కొట్టాయన ఒక నిమిషం ఆలోచించి, "మూసిన బండిలో అదొద్దులెండమ్మా" అని లిథియం బ్యాటరీ అని చిన్న పెట్టెలాంటిది తీశాడు. ఆ 'అమ్మా' దగ్గర్నుంచి నాతోనే మాట్లాడాడు.

అసలు చిక్కు అది నింపడం. సంత మైదానంలో ఛార్జింగు పెట్టడానికి ఎవరిస్తారు? బండి నడిచేటప్పుడు ఇంజను పాత బ్యాటరీని ఎలాగూ నింపుతుంది, దాంతోపాటు కొత్తదాన్నీ నింపాలి. ఇంజను ఆగగానే రెంటికీ మధ్య తెగిపోవాలి. రాత్రి మిషను కొత్తదాన్ని ఎంత తాగినా పాతదాని జోలికి పోకూడదు. దానికి మధ్యలో ఒక పరికరం ఉంటుందని కొట్టాయన చెప్పాడు. "అర్థమైంది. అన్నదమ్ములకి వేరు కాపురం పెట్టించడం. సంపాదన కలిసే, వంట మాత్రం ఎవరిది వాళ్ళది" అన్నాను. స్టూలు మీంచి బావ పకపకా నవ్వాడు. చెరకు తోట తర్వాత అతను నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు చూశాక, దీనికోసం ఇంకెన్ని కొట్లైనా తిరుగుతాననిపించింది.

వానల్లో, ఒకే సంతలో రెండ్రోజులుంటే ఇంజను చాలదు కాబట్టి బండి పైన సోలారు పలక కూడా వేయించాలన్నాను. అక్కడ మాత్రం బావ అడ్డం తిరిగాడు. పైన పరదా మూట ఎక్కడ పెట్టాలని అతని బాధ. పరదా మూట నీ తల కింద పెట్టుకో, దిండు ఖర్చు తగ్గుతుంది అన్నాను. ఆఖరికి పలక ముందువైపు, మూట వెనకవైపు అని ఒప్పందానికి వచ్చాం.

బిగింపు మా ఇంటి ముందే జరిగింది. ఇంజను దగ్గర్నుంచి లావుపాటి తీగ వెనక్కి లాగే పని కొట్టు నుంచి వచ్చిన మనిషి చేశాడు. మిగిలింది నేనూ బావా చేసుకున్నాం. చేతులకి లోహం ఏదీ ఉండకూడదన్నారు, పానాతో పాటు గాజు కూడా తగిలితే చెయ్యి కాలిపోతుందట. బంగారు గాజులు తీసి బీరువాలో పెట్టి, నల్లపూసలు జాకెట్టులోకి దోపుకుని, కొంగు బిగించి మంచం కింద దూరాను. వీధిలో పోయేవాళ్ళు వంగి చూసి, "ఏటి పడిపోనాది?" అని అడిగారు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు వెయ్యాలి, తీగ ఎక్కడైనా రాసుకుపోయి రేకుకి తగిలితే ఫ్యూజు పోతుంది గానీ బండి పోదు. ఆ రోజు ఆ వచ్చిన మనిషి దగ్గర సరైన ఫ్యూజు లేదు. "తర్వాత ఏసీవచ్చమ్మా, ఈలోగా ఎల్లండి" అన్నాడు. మూటల నిండా బట్టలు, వాటి మీద మేము. "ఎల్లను" అన్నాను. ఫ్యూజు వచ్చేదాకా బండి గుమ్మం కదల్లేదు. ఆ వారం ఒక సంత పోయింది, బావ సణిగాడు, నేను వినపడనట్టు వంకాయలు తరుక్కున్నాను.

మంచం కొట్టిన వడ్రంగే బ్యాటరీకి గాలి ఆడే చెక్క పెట్టె కూడా చేశాడు. అందులో తీగలన్నీ వచ్చి కలిసే చోట ఒక రాగి పట్టీ ఉంటుంది. అన్ని తీగల కొసలూ దాని మీదే బోల్టులతో బిగించాలి. తక్కినవేవీ పట్టించుకోని మా బావకి ఆ రాగి పట్టీ మీద మాత్రం మోజు పుట్టింది. మూత తీసినప్పుడల్లా లుంగీ కొసతో దాన్ని తుడిచేవాడు. "ఎంత మెరుస్తన్నాదో సూడే" అనేవాడు. మెరిస్తే మెరిసిందిలే, కరెంటొస్తే చాలు అనేదాన్ని.

కొత్త బ్యాటరీతో మొదటిసారి వెళ్ళింది కొండ కింది సంతకే. మాస్కు తగిలించుకుని, గొట్టం ఛాతీ మీద వేసుకుని పడుకుంటే బావ అచ్చం వినాయకుడిలా ఉన్నాడు. మిషను సన్నగా గాలి ఊదుతోంది, అంతే. ఇన్నేళ్ళు ఆ గురక పక్కన పడుకున్నదాన్ని, ఆ నిశ్శబ్దంలో నాకు కునుకు పట్టలేదు. అతని ఛాతీ మీద చెయ్యి వేసి, అది లేస్తోంది, దిగుతోంది అని చూసుకుంటూ ఉండిపోయాను. తెల్లారాక బావ లేచి, మాస్కు తీసి, "ఒసే, అప్పుడే తెల్లారిపోనాదేటి?" అన్నాడు. పెళ్ళైన కొత్తలో మొహం అది. ఆ రోజు తిరుగుదారిలో దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

సంతోషంలోనే ఒక షరతు కూడా పెట్టాను. మిషను లేకుండా పడుకున్న రాత్రి తెల్లారితే, ఆ రోజు స్టీరింగు ముట్టుకోకూడదు. మళ్ళీ మిషను పెట్టుకుని నిద్రపోయాకే బండి. "సర్లేవే" అన్నాడు బావ. అలాంటి సర్లేలు నేను చాలా విన్నాను. అందుకని ఆ రోజు నుంచి బండి తాళం నా కొంగుకి ముడేసుకోవడం మొదలుపెట్టాను.

వేసవి గడిచింది, వానలు గడిచాయి, దసరా వచ్చి వెళ్ళింది. పొద్దున్న సంతల్లో మంచు పడే రోజులు. మళ్ళీ కొండ కింది సంత. తెల్లవారుతుండగా నాకు మెలకువ వచ్చింది. ఏదో అలవాటైన చప్పుడు, వింటూ మళ్ళీ నిద్రలోకి జారుకోబోయాను. అప్పుడు తట్టింది, అది గురక. దిగ్గున లేచి కూర్చున్నాను. మాస్కు ఊడి మెడ కింద ఉంది, నిద్రలోనే లాగేసుకున్నట్టున్నాడు. మిషను ఆగిపోయి ఉంది. ఇన్వర్టరు మీద ఎర్ర దీపం వెలిగి ఆరి వెలిగి ఆరి చేస్తోంది. బ్యాటరీ మీదున్న మీటరు చూస్తే నిండుగా ఉంది. నిండుగా ఉండి ఇవ్వకపోవడమేమిటో నాకు అర్థం కాలేదు. బావని కుదిపి లేపాను. "బాగానే తొంగున్నాను కదే, ఇప్పుడేటయిపోనాది?" అని విసుక్కున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

సంత రోజు కదా, పరదా కట్టి కొట్టు పెట్టాం. దుప్పట్లకి జనం ఎగబడ్డారు. పెట్టె మూత తీసి చూసే తీరిక లేకపోయింది. బావ మాట్లాడుతూనే ఉన్నాడు గానీ ఆవలింతలు ఆగడం లేదు. ఒకావిడ అడిగిన నైటీ బదులు లుంగీ తీసి పరిచాడు. మధ్యాహ్నం తిరిగాక జనం పలచబడ్డారు, బళ్ళు ఒకటొకటే కదులుతున్నాయి. మర్నాటి సంత రాయగడ రోడ్డు మీద, సాయంత్రానికల్లా అక్కడ ఉండాలి. బావ మూటలు ఎక్కించి, తలుపు వేసి, నా దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు.

"తాళం."

"ఇయ్యను" అన్నాను.

"ఏటే ఇది? పొద్దున్నుంచీ బాగానే ఉన్నాను కదా. కబుర్లు సెప్తన్నాను, అమ్ముతన్నాను. అక్కడికి పొద్దుగూకే ముందు ఎల్లకపోతే సోటు పోతాది."

"పోనీ."

"పోనీ అంటావేటే! మా నాన్న కూకున్న సోటది. ఆ సెప్పుల బండోడు ఎప్పట్నుంచి సూస్తన్నాడో నీకు తెల్దా?"

తెలుసు. ఆ చోటు రోడ్డు మలుపులో ఉంది, దిగిన ప్రతివాడి కన్నూ ముందు దాని మీదే పడుతుంది. ఆ చోటు పోతే మళ్ళీ రాదనీ తెలుసు. "సర్లే అన్నావు కదా, మాటకి నిలబడు" అన్నాను. "అది ఏదో మాటకన్నాను. నీ జులుం ఎక్కువైపోనాది" అని అరిచాడు. కొంగు మీద చెయ్యి వెయ్యబోయాడు. నేను వెనక్కి జరిగాను. బుట్టలు సర్దుకుంటున్న వాళ్ళు ఆగి చూస్తున్నారు. సిగ్గు నాకూ ఉంది. కానీ అంతకన్నా పెద్ద భయం ఉంది, అది కోపమై బయటికొచ్చింది.

"ఆ సెరకు తోటలో నీ మొహం నువ్వు సూళ్ళేదు బావా, నాను సూసినాను. కళ్ళు తెరుసుకునే ఉన్నావు, నువ్వు లేవు. బ్రేకు పట్టలేదని ఊరందరికీ సెప్పుకున్నావు, నాను నోరెత్తలేదు. ఇంకోపాలి ఆ మొహం నాను సూళ్ళేను. సోటు పోతే పోనీ, సంతలన్నీ పోనీ. నువ్వు లేని సోటులో నాకేటి పని? సెప్పు!"

బావ వెళ్ళి బండి వెనక మెట్టు మీద కూర్చున్నాడు. చెరకు తోట మాట మా ఇద్దరి మధ్యా పైకి అనుకోవడం అదే మొదటిసారి. చాలాసేపటికి, "సరే రా, ఏటయినాదో సూద్దాం" అన్నాడు మెత్తగా.

మంచం కింది పెట్టె లాగి మూత తీశాం. పైకి అంతా బాగానే ఉంది, రాగి పట్టీ నడుమంతా మెరుస్తూనే ఉంది. నేను వంగి బోల్టుల దగ్గర చూశాను. ప్రతి తీగ కొస కిందా ఆకుపచ్చగా ఏదో పూసినట్టు ఉంది. గోటితో గీకితే పొడిలా రాలింది. చిలుం. చుట్టూ పసుపూ కుంకుమా మరకలు కూడా ఉన్నాయి.

"ఇదేటి బావా?"

బావ మెడ గోక్కున్నాడు. "దసరాకి తోమీనాను" అన్నాడు.

"దేంతో తోమీనావు?"

"దేంతో తోముతారే! సింతపండూ ఉప్పూ."

అసలు సంగతి ఏమిటంటే, దసరాకి మా ఇళ్ళలో వ్యాపారం సామానంతా కడిగి పూజలో పెడతాం. గజం బద్ద, కత్తెర, తాళాలు, దీపపు కుందులు, ఇత్తడీ రాగీ ఏదుంటే అది చింతపండు పెట్టి తోమి, పసుపూ కుంకుమా పెట్టి దండం పెట్టుకుంటాం. మా మామగారు ఆ పని ఆడవాళ్ళకి వదిలేవారు కాదు, సామాను తోమడం వ్యాపారి పనే అనేవారు. ఆయన తర్వాత బావది ఆ పని. తన ఊపిరి నిలబెట్టే సామాను కూడా వ్యాపారం సామానే అనుకుని, నేను పిండివంటల్లో ఉండగా తీగలు విప్పి, ఆ పట్టీని భక్తిగా తోమి, బొట్టు పెట్టి, మళ్ళీ బిగించాడు. పైన తుడిచాడు, కొసల కింద పులుపు ఉండిపోయింది. మంచు తేమకి అది చిలుమై, తీగకీ పట్టీకీ మధ్య అడ్డం కూర్చుంది. బ్యాటరీ నిండుగానే ఉంది, కరెంటే ఆ చిలుం దాటలేకపోయింది.

కొట్టాలనిపించింది. కానీ అతను చేతిలో పానా పట్టుకుని, కుంకుమ మరక మీద కళ్ళు పెట్టి కూర్చున్న తీరుకి నవ్వొచ్చేసింది. "దేవుడికి దండమెట్టుకో, సింతపండు ఎట్టకు" అన్నాను. అతనూ నవ్వాడు. నేను గాజులు తీసి డబ్బాలో వేశాను. పంక్చరు కొట్టతని దగ్గర ఉప్పుకాగితం ముక్క అడిగి తెచ్చాను. బ్యాటరీ తీగ ముందు ఊడదీసి, తర్వాత ఒకటొకటిగా కొసలు విప్పి, ఎర్రటి రాగి కనపడేదాకా గీశాం. పొడిగుడ్డతో తుడిచాం. బావ బిగిస్తుంటే ప్రతి బోల్టూ నేను లాగి చూశాను. పైన ఇంత వాజలైను రాశాం. మీట నొక్కితే ఆకుపచ్చ దీపం వచ్చింది, గాలి మిషను ఊదడం మొదలుపెట్టింది.

బావ లేచి చేతులు దులుపుకుని, మళ్ళీ చెయ్యి చాపాడు. "అయిపోనాది కదా. ఇప్పుడైనా ఇయ్యి. బేగి ఎల్తే దొరుకుతాది సోటు."

"మిషను బాగయినాది. నువ్వింకా బాగవ్వలేదు. ముందు తొంగో" అన్నాను.

"పట్టపగలా!"

"పట్టపగలే."

ఈసారి వాదించలేదు. మైదానం కేసి ఒకసారి చూశాడు. దాదాపు బళ్ళన్నీ వెళ్ళిపోయాయి. ఆ చూపులో అతని నాన్న చోటు వెళ్ళిపోవడం నాకు కనపడింది. నిజంగానే పోయింది. ఇప్పటికీ ఆ సంతలో మేము చివర, ఎండలో కూర్చుంటున్నాం, మలుపులో చెప్పుల బండి ఉంటోంది. బావ ఎక్కి మాస్కు తగిలించుకుని రేకువైపు తిరిగి పడుకున్నాడు. నేను తలుపు ఓరగా వేసి మెట్టు మీద కూర్చున్నాను.

ఎండ వాలుతోంది. కాగితాలూ ఉల్లి పొట్టూ గాలికి మైదానంలో దొర్లుతున్నాయి. లోపలినుంచి చప్పుడు లేదు. కొంగు ముడి అరచేతిలో పట్టుకుని కూర్చున్నాను, తాళం పళ్ళు చేతికి గుచ్చుకుంటున్నాయి.

వేసవికి ముందు నుంచీ కూతురింట్లో ఉండి ఆ వారమే మళ్ళీ సంతకొచ్చిన ఎండుచేపల పెద్దావిడ అప్పటిదాకా ఊళ్ళో మిగిలిన సరుకు అమ్ముకుని, ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని బస్సు కోసం ఇటే వస్తోంది. గాలి మిషను సంగతి గానీ, మధ్యాహ్నం గొడవ గానీ ఆవిడకి తెలీదు. మా బండి ఇంకా అక్కడే ఉండడం చూసి ఆగింది. నన్ను చూసింది. ఓరగా వేసిన తలుపు చూసింది. చెవి ఒగ్గి విన్నది. ఆవిడ మొహంలో నవ్వు మెల్లగా పోయింది. నెత్తి మీద బుట్ట దించింది, నోట్లో అడ్డపొగ తీసింది.

"ఏటమ్మా, బండిక్కడే ఉన్నాది. నువ్వొక్కదానివే కూకున్నావు" అంది. గొంతు తగ్గించింది. "మీ ఆయన గురక ఇనపడదేటి?"

పక్కకి జరిగి తలుపు కొంచెం తీశాను. లోపల మూటల మీద బావ పడుకుని ఉన్నాడు. గాలి మిషను సన్నగా ఊదుతోంది. అతని వీపు లేస్తోంది, దిగుతోంది.

"ఉన్నాడమ్మా" అన్నాను. "ఊపిరి తీస్తన్నాడు."

ఆవిడ చాలాసేపు అలా చూసింది. తర్వాత తలుపు తనే మెల్లగా మూసి, నా పక్కన మెట్టు మీద కూర్చుంది. "బస్సుకేటి, ఇంకోటి వస్తాది" అంది. "నువ్వు మాత్రం బేగి లేపీకు."